మార్చుకోవచ్చని రాసి ఉన్న సీసా

కోపం వస్తే నాకు ఆకలి పెరుగుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను సన్నబడకపోవడానికి కారణం మా ఆఫీసే. స్వచ్ఛంద విరమణ తీసుకుని ఇంట్లో కూర్చున్నాక కాస్త తగ్గాను. మళ్లీ ఈ సంగతి రాద్దామని కూర్చున్నానో లేదో, వంటింట్లో సకినాల డబ్బా సగానికి వచ్చింది. ఆరోగ్యశాఖలో కొత్తగా చేరుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ సకినాల సాక్షిగా చెబుతున్నాను, వినండి. నా కొలతల్లో కొంత ఎక్కువ తక్కువలుంటే ఉంటాయి. కోపంలో మాత్రం గోరంత కల్తీ లేదు.

ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్తలకు ఆరోగ్య పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. జీతం కామారెడ్డిలో, పని ఎల్లారెడ్డిలో. రెంటికీ మధ్య పల్లెవెలుగు బస్సు. ఆ బస్సు లింగంపేట దాటేసరికి నా వెన్నుపూసలన్నీ ఒకదాని చోట ఒకటి సర్దుకుని, ఎల్లారెడ్డిలో దిగేటప్పటికి నాలుగు వేళ్ల పొడవు తగ్గిపోయేదాన్ని. సాయంత్రం తిరుగు బస్సులో మళ్లీ సాగేదాన్ని.

పాఠాలు చెప్పడానికి ఆఫీసు ఇచ్చిన సరంజామా ఏమిటంటే ఒక బల్ల, ఒక గోడ, దేవుడిచ్చిన నా గొంతు. మనిషి శరీరం పటం కూడా ఒకటి ఉండేది. అందులో కాలేయాన్ని చెదలు తినేశాయి. "గీయనకు తాగుడు జర ఎక్కువైనట్టుంది మేడం" అనేవాళ్లు మా ఆశక్కలు. కొత్త పటం కావాలని నేను పెట్టుకున్న అర్జీలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే వాటి మీదకెక్కి నిజాంసాగర్ గేట్లు చూడవచ్చు.

అలాంటి రోజుల్లో ఫోనులో ఒక గని దొరికింది. ఎక్కడెక్కడి దేశాల డాక్టర్లో, నర్సులో, మాస్టర్లో కలిసి వైద్య పాఠాలూ బొమ్మలూ వీడియోలూ కుప్పలుగా పోసి, తీసుకుపొమ్మని పెట్టారు. ప్రసవం దగ్గర నుంచి పాముకాటు దాకా లేనిది లేదు. ప్రతి బొమ్మ కిందా ఒకటే మాట: ఎవరైనా వాడుకోవచ్చు, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు, పదిమందికీ పంచుకోవచ్చు. చదివి బస్సులోనే ఏడ్చేశాను. పక్క సీటు అవ్వ నా తల నిమిరి, "ఊకో బిడ్డా, అల్లుడు కొట్టిండా?" అంది. మా ఆయన ఈగను కూడా కొట్టడని నేను చెప్పినా ఆమె నమ్మలేదు.

మర్నాడు పరుగున కామారెడ్డి ఆఫీసుకు పోయి మా పెద్దసారు ముందు ఫోను పెట్టాను. ఆయన దాన్ని తేలును చూసినట్టు చూశాడు.

"ఊరికెనా?"

"ఊరికే సార్."

"ఊరికే ఎవరిస్తరు మేడం? ఏదో మతలబు ఉంటది."

ఇదీ మా ఆఫీసు జబ్బు. డబ్బు పోసి కొన్నది పాడైపోయినా అది ఆస్తి. ఊరికే వచ్చింది బంగారమైనా అనుమానం. మతలబు ఏమీ లేదని ఆయనకు నమ్మకం కుదిరేలోపు నా జుట్టు సగం నెరిసింది. మిగతా సగం ఆ తర్వాత నెరిసింది, అదే చెబుతున్నాను.

చివరికి ఒక్క పటానికి ఒప్పుకున్నాడు. చిన్నపిల్లలకు విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఎలా కలిపి పట్టాలో చూపే పటం. తెలుగులోకి మార్చే పని ఆఫీసులో ఒక పండితుడికి అప్పగించాడు. లీటరు మంచినీళ్లు అనాల్సిన చోట ఆ మహానుభావుడు 'సహస్ర మిల్లీలీటర్ల పరిశుద్ధ జలము' అని రాశాడు. ఆ పటం చదివి అర్థం చేసుకునేలోపు పిల్లవాడికి విరేచనాలు తగ్గిపోవడమే కాదు, పెళ్లీడు కూడా వస్తుంది.

సరే, మాటలు పోతే పోయాయి, బొమ్మలున్నాయి కదా అనుకున్నాను. అసలు తంటా బొమ్మల్లోనే ఉందని ఎల్లారెడ్డిలో తెలిసింది.

ఆ రోజు పాఠానికి మహమ్మద్‌నగర్ నుంచి మొదలుకొని చుట్టుపక్కల ఊళ్ల ఆశక్కలంతా వచ్చారు. పటం గోడకు తగిలించాను. ఒక తల్లి చేతులు కడుక్కుంటుంది, ప్యాకెట్ చింపుతుంది, సీసా మెడదాకా నీళ్లు నింపుతుంది, కలుపుతుంది, చెంచాతో బిడ్డకు పడుతుంది. రెండో వరుసలో కూర్చున్న ఒక ఆశక్క చెయ్యెత్తింది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం మైకు. భర్త దుబాయిలో ఉంటాడు. ఆమె ఇక్కడ మాట్లాడితే ఆయనకు అక్కడ ఫోను లేకుండానే వినపడుతుందని చెప్పుకునేవారు.

"ఒగటి అడుగుతా మేడం, కోపం జెయ్యరు గదా?"

"అడుగు."

"గామె పోరనికి కల్లెందుకు వోస్తున్నది?"

గది గదంతా ఘొల్లుమంది. నేను పటం వైపు తిరిగి చూశాను. నిజమే! పొడుగు మెడ గాజు సీసా. గీసినవాళ్ల దేశంలో అందులో పాలు పోస్తారో, నీళ్లు పోస్తారో. మా దగ్గర ఆ సీసాలో పోసేది ఒకటే.

"అది లీటరు సీసా" అన్నాను నీరసంగా.

"ఏ ఊర్ల లీటరు మేడం? గిసుంటి సీసల కల్లు గాకుంట ఇంకోటి పొయ్యంగ నేనైతే సూడలే."

వాళ్లు నవ్వారు కానీ నాకు చెమట పట్టింది. మా వైపు కల్లు సీసాలో ముప్పాతిక లీటరు కూడా పట్టదు. ప్యాకెట్ కలపాల్సింది నిండు లీటరు నీళ్లలో. నీళ్లు తగ్గితే ఉప్పు చిక్కబడుతుంది. పెద్దవాళ్లు ఉమ్మేస్తారు. పసిబిడ్డ ఒంట్లోకి పోతే మందు కాస్తా ప్రమాదమవుతుంది.

"పటం సంగతి మరిచిపొండి. దుకాణంలో అమ్మే లీటరు నీళ్ల సీసా తీసుకుని మెడదాకా నింపి కలపమనండి" అని అక్కడికక్కడే చెప్పి, సాయంత్రం ఇంటికి పోకుండా తిన్నగా పెద్దసారు దగ్గరికే పోయాను.

"సార్, సీసా బొమ్మ మార్చాలి. మార్చుకోవచ్చని వాళ్లే రాశారు."

ఆయన జాలిగా నవ్వాడు. "అది మర్యాదకు రాసిన మాట మేడం. చుట్టాల ఇంటికి పోతే 'మీ ఇల్లే అనుకోండి' అంటరు. అట్లని బీరువ తాళాలు అడుగుతమా?"

"నేను అడిగేది తాళాలు కాదు సార్, మంచినీళ్ల సీసా."

"పెద్ద పెద్ద డాక్టర్లు గీసిన బొమ్మ అది. ఉన్నదున్నట్టు అతికిస్తే, ఏదన్న అయితే తప్పు వాళ్లది. మారిస్తే తప్పు మనది. మీకు తెల్వదు, మీరు ఊకోండి."

ఈ మాట రాసుకోండి పిల్లలూ. మీ ఉద్యోగంలో ఇది మీకు ఏదో ఒక రూపంలో తప్పకుండా వినపడుతుంది. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో పుణ్యాత్ములు మన బిడ్డల కోసం రాత్రింబవళ్లు కూర్చుని బొమ్మలు గీసి, మీ ఊరికి తగ్గట్టు దిద్దుకోండి తల్లీ అని చేతులు జోడించి ఇస్తే, ఆ దిద్దే పని ఒక్కటీ మనం చెయ్యం. ఎందుకంటే దిద్దినవాడి పేరు పటానికి అంటుకుంటుంది, దిద్దనివాడి పేరు ఎక్కడా అంటుకోదు. ఆ రోజు ఇంటికి పోయి పన్నెండు మంది అన్నం తిన్నాను.

పటాలు అచ్చయ్యాయి, ఊరూరా పంచాయతీ గోడలకెక్కాయి. నేను చెయ్యగలిగింది నోటి మాటే. ఎక్కడ ఆశక్క కనపడితే అక్కడ, బస్టాండులో, సంతలో, పెళ్లి పందిట్లో కూడా, "లీటరు నీళ్ల సీసా" అని మంత్రంలా చెప్పాను. బిచ్కుంద వైపు సరిహద్దు ఊళ్ల ఆశక్కలు దాన్ని మరాఠీలో, కన్నడంలో చెప్పి పంపారు. ఒక పెళ్లికొడుకు తండ్రి నన్ను నీళ్ల సీసాల ఏజెంటు అనుకుని బేరం కూడా అడిగాడు.

కొన్నాళ్లకు మైకు గొంతు ఆశక్క ఫోను చేసింది.

"మేడం, మన పటం పంచాయతి గోడ మీద లేదు."

"గాలికి పోయిందా?"

"గాలికేం పోలే. కల్లు దుకాణంల ఉన్నది. నడిమిట్ల, దేవుని పటం పక్కన."

ఆమె పటం అడగడానికి పోయిందట. దుకాణపాయన అచ్చం పోతరాజు మీసాలతో గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత జరిగింది ఆశక్క నాకు చెప్పినట్టే చెబుతున్నాను.

"అన్నా, గది మా పటం, ఇయ్యి."

"ఎందుకియ్యాలె చెల్లె? సర్కారోళ్లు నా దుకాణానికి అచ్చు కొట్టి పంపిన్రు. సీస ఎంత ముద్దుగున్నదో సూడు."

"గది పోరగాండ్లకు విరేచనాలైతే ఏం జెయ్యాల్నో జెప్పే పటం!"

బల్ల మీద కూర్చున్న ముసలాయన గ్లాసు ఎత్తాడు. "గందుకే తాగుతున్ననే బిడ్డా. పొద్దటి సంది నాకు కడుపు మంచిగ లేదు."

ఆ ఊళ్లో మగవాళ్లకు ఆ నెలంతా కడుపులు మంచిగా లేవు. ఇంటి దగ్గర ఆడవాళ్లు అడిగితే, "డాక్టర్లే రాసిన్రు, పోయి పటం సూడు" అన్నారట. నేను నవ్వాను. ఫోను పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

దుకాణపాయనకు ఏడాది దాటిన మనవరాలు ఉంది. కోడలు పుట్టింటి నుంచి బిడ్డను తీసుకుని అప్పుడే తిరిగి వచ్చింది కాబట్టి ఆశక్క ఊళ్లో చెప్పిన నీళ్ల సీసా మాట ఆమె చెవిన పడలేదు. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో ప్యాకెట్ ఉంది, దుకాణంలో పటం ఉంది. శ్రద్ధ గల పిల్ల. బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే చేసింది. చేతులు కడిగింది. నీళ్లు కాచి చల్లార్చింది. కొండలా పడి ఉన్న సీసాల్లోంచి పగుళ్లు లేనిది ఏరి, వేడినీళ్లతో తళతళా తోమింది. మెడదాకా నింపి ప్యాకెట్ మొత్తం అందులో కలిపింది. వందకు నూటపది మార్కులు వెయ్యవలసిన తల్లి. బిడ్డ దాహంతో ఏడిస్తే అదే మళ్లీ పట్టింది. మళ్లీ ఏడిస్తే మళ్లీ పట్టింది. మధ్యాహ్నానికి బిడ్డ ఏడవడం మానేసి మెడ వాల్చేసింది.

ఆశక్క ఆ ఇంటికి మామూలుగానే పోయింది. కిటికీలో సీసాను చూసింది, తల్లి ఒళ్లో బిడ్డను చూసింది. ఇంకో మాట లేకుండా ఇద్దరినీ ఆటో ఎక్కించి ఎల్లారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయింది. "సీసల కల్పిన్రు సార్, కల్లు సీసల" అని ఆమె గుమ్మంలోంచే అరిచిన అరుపు డాక్టరుకు ఏం చెయ్యాలో చెప్పింది. ఈ ఒక్కచోట నేనేమీ పెంచి రాయడం లేదు. రాత్రంతా అందరికీ ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి. తెల్లారి బిడ్డ కళ్లు తెరిచింది. ఆ సాయంత్రానికి నర్సు జడ పట్టుకుని గుంజింది.

బిడ్డ బతికింది. ఇక ఆఫీసు మేల్కొంది.

దుకాణపాయన కామారెడ్డి పోయి ఫిర్యాదు ఇచ్చాడు. ఆశ తప్పుగా చెప్పడం వల్ల నా మనవరాలు చావబోయింది, ఆమెను తీసెయ్యాలి అని. మా పెద్దసారుకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు కావలసింది తప్పు వెయ్యడానికి ఒక మనిషి. పటం గీసినవాళ్లు సముద్రాల అవతల ఉన్నారు, ఆశక్క బస్సు దూరంలోనే ఉంది. పెద్దమనుషులకు న్యాయం ఎప్పుడూ దగ్గరి బస్టాండులోనే దొరుకుతుంది.

విచారణ రోజు పొద్దున్నే ఎల్లారెడ్డి పోయి, ఆశక్కను వెంటబెట్టుకుని కామారెడ్డి బస్సు ఎక్కాను. ఆ మైకు గొంతు ఆ రోజు గొణుగుడైపోయింది.

"తీసేస్తే తీసేస్తరు మేడం, ఆయన దుబాయి కెళ్లి పైసలు పంపుతనే ఉన్నడు, బతుకుతం. గని రేపు నేను ఏ ఇంటి గడప తొక్కినా పోరిని సంపబోయినామె అచ్చింది అంటరు. గా ఊర్లనే ఉండాలె గదా నేను?"

నేను సంచిలోంచి పటం చుట్ట తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కామారెడ్డి వచ్చేదాకా దాన్ని పిసికి పిసికి చపాతీ కర్రలా చేశాను.

ఆఫీసు గదిలో పెద్దసారు నడుమ కూర్చున్నాడు. ఒక పక్క దుకాణపాయన, ఆయన కోడలు, కోడలి ఒళ్లో పటం పుణ్యాన చావు అంచుదాకా పోయి వచ్చిన మనవరాలు. ఇంకో పక్క ఆశక్క, నేను.

"బోధనలో లోపం" అని పెద్దసారు మొదలుపెట్టాడు. "పటంలో స్పష్టంగా ఉన్న విషయాన్ని ఆశ జనానికి సరిగా చెప్పలేదు."

"అవు సార్, సీసల కల్పుమని ఈమెనే జెప్పింది" అన్నాడు దుకాణపాయన.

కోడలు తల ఎత్తలేదు. మాట మాత్రం అందరికీ వినపడింది. "ఈమె జెప్పలే మామా. నేను మన దుకాణంల పటం సూసి కల్పిన."

మీసాలు కొంచెం కిందికి దిగాయి. పెద్దసారు మాత్రం దిగలేదు. "పటంలో ఉన్నది లీటరు సీసా. కళ్లున్నవాళ్లు ఎవరికైనా తెలుస్తది. సహస్ర మిల్లీలీటర్లు అని రాసి కూడా ఉంది."

నాకు పూనకం వచ్చింది. చేతిలోని పటం గోడకు తగిలించి, టీలు పెడుతున్న మా అటెండరును పిలిచాను. ఆ ఆఫీసులో మొదటి ఫైలు పుట్టకముందు నుంచే ఆయన అక్కడ ఉన్నాడని చెబుతారు.

"సార్, మీరు ఒక్క మాట కూడా అనొద్దు. అన్నా, ఇగో ఈ బొమ్మలో సీసా ఉంది కదా? ఇలాంటిది ఒకటి తీసుకురా."

అటెండరు పటం ముందు నిలబడి, సీసాను ఒక్క చూపు చూసి బయటికి నడిచాడు. బజారుకు పోయి రావాలి, అరగంట పడుతుంది అనుకున్నాం. పంకా నాలుగు చుట్లు తిరగలేదు, మనిషి గుమ్మంలో ఉన్నాడు. భుజం మీది తువ్వాలతో తుడుస్తూ కల్లు సీసా తెచ్చి పెద్దసారు బల్ల మీద, ఫిర్యాదు కాగితం పక్కనే పెట్టాడు.

"ఎక్కడిది?" అన్నాడు పెద్దసారు. అనకుండా ఉండవలసింది.

"మన స్టోరు రూము ఎనకనే సార్. ఇంక గావాల్నా? శానున్నయ్."

మనవరాలు సీసాను చూసి చేతులు చాపింది. తల్లి వెంటనే ఆ చేతులు వెనక్కి లాక్కుంది. దుకాణపాయన సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసి మెల్లగా అన్నాడు. "మా దిక్కు సీసనే. ఆఫీసుల గింత గిరాకున్నదని నాకు తెల్వకపాయె సార్."

పెద్దసారు ముఖం మా కామారెడ్డి బెల్లం రంగుకు తిరిగింది. విచారణ ఇంకో అడుగు ముందుకు పడితే అది ఏ స్టోరు రూము వెనక్కి పోతుందో ఆయనకు తెలిసిపోయింది. పెన్ను తీసి, ఆశ తప్పేమీ లేదని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. అంత వేగంగా ఆయన సంతకం పెట్టగలడని నాకు అన్నేళ్ల నౌకరీలో తెలియదు.

మీరు సంతోషించండి, నేను సంతోషించలేదు. ఒక బిడ్డ మెడ వాలిపోతే కదలని కలం, స్టోరు వెనక సీసాలకు కదిలింది. ఇప్పటికీ అది తలుచుకుంటే చెయ్యి దానంతటదే డబ్బా వైపు పోతుంది.

తిరుగు ప్రయాణంలో, ఆశక్కను దింపి రావడానికి నేనూ ఎక్కిన ఎల్లారెడ్డి బస్సు ఇసుక పోస్తే రాలనంత కిక్కిరిసి వచ్చింది. ఆగకముందే దుకాణపాయన పరుగెత్తి కిటికీలోంచి తన తువ్వాల విసిరి ఒక సీటు ఆపాడు. కోడలు కూర్చుంటుందేమో అనుకున్నాం. ఆయన వెనక్కి తిరిగి, ఎవరి ముఖమూ చూడకుండా, "నువ్వు గూసో చెల్లె" అన్నాడు. ఆశక్క ఒక క్షణం నిలబడి, కూర్చుని, బిడ్డను తన ఒళ్లోకి తీసుకుంది. లింగంపేట వచ్చేసరికి ఆమె గొంతు మళ్లీ మైకు అయింది. డ్రైవరు హారన్ కొట్టడం మానేశాడు.

పటం మారింది. నేనే కూర్చుని దిద్దించాను. గోచీ చీరకట్టు తల్లి, ఇంటి ముందు నీళ్ల గాబు, లీటరు మంచినీళ్ల సీసా, కింద మన మాటల్లో నాలుగు ముక్కలు. అచ్చయి వచ్చిన రోజు పండుగలా కట్ట విప్పాను. అడుగున, 'ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు' అని ఉండాల్సిన చోట కొత్త వాక్యం కనపడింది: సర్వహక్కులు కార్యాలయానివే, అనుమతి లేకుండా నకలు తీయరాదు, మార్చరాదు.

"ఇదేంది సార్?" అన్నాను. కోపంలో నా భాష కూడా మా ఊరికి పోయింది.

"మన బొమ్మ కదా మేడం. ఎవరన్న ఎత్తుకపోతే?"

"ఎత్తుకపోవాలెనే కదా సార్ గోడకు పెట్టేది!"

ఆయనకు అర్థం కాలేదు. లోకం మనకు ఊరికే ఇచ్చిన దానికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకోవడం ఆయనకు బాధ్యతలా కనపడింది. నేను దిద్దించిన బొమ్మను నా పాఠంలో వాడుకోవడానికి నేనే అనుమతికి అర్జీ పెట్టుకోవాలట. అర్జీ రాశాను. పటం కోసం కాదు, స్వచ్ఛంద విరమణకు.

పోయేముందు ఆ ఊరికి ఒకసారి పోయాను, ఆశక్కను చూడటానికి. కల్లు దుకాణం ముందు ఆగిపోయాను. గోడంతా సున్నం కొట్టి, తాటిచెట్టంత ఎత్తున నీలం రంగులో లీటరు నీళ్ల సీసా గీసి ఉంది. పక్కన కల్లు సీసా, దాని మీద ఎర్రగా పెద్ద అడ్డగీతలు. కింద 'పోరగాండ్లకు గిది, గది గాదు' అని రాసి ఉంది. మా ఆఫీసు అన్నేళ్లలో రాయలేని తెలుగు.

ఫోను తీసి, గల్లా దగ్గరి మీసాలను అడిగాను. "అన్నా, ఫోటో తీసుకోవచ్చా?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "సదువుకున్నోళ్లు గదా మేడం, అడుగున రాసింది సదువుండ్రి. దినాం ఏదో ఊరోడు అచ్చి మా గోడకు గూడ గీస్కోవాల్నా అని అడుగవట్టె. అందరికి జవాబు జెప్పుకుంట కూసుంటే గిరాకి ఎవడు సూడాలె?"

వంగి చూశాను. మట్టి చిమ్మిన చోట, వంకర అక్షరాల్లో రాయించాడు:

'ఎవలన్న గీస్కోండ్రి. మీ ఊరి సీసను బట్టి మార్చుకోండ్రి. నన్ను అడుగకుండ్రి.'